సముద్రపు కబురు, మెట్ట చేను పదును

కడప పట్టణం నుండి తిన్నగా తూర్పుకు పోతే సముద్రం సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఆదోని నుండి ఐతే అంతకు రెట్టింపు పైనే. మన మెట్ట రైతులలో సముద్రాన్ని కంట చూడనివారు ఇప్పటికీ అనేకులు గలరు. అట్టి రైతు దగ్గరకు పోయి "సముద్రంలో నీళ్లు వెచ్చబడినవి, జాగ్రత్త పడండి" అని చెబితే నవ్వి ఊరుకుంటాడు. పత్తికొండ ప్రాంతంలో ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది: "సముద్రం యాడ, మన బుడ్డల చేను యాడ సారూ! ముందు మా వంకలోకి నీళ్లు ఎప్పుడొస్తాయో ఆ మాట చెప్పండి."

ఆయన అడిగినదే సరియైన ప్రశ్న. ఆ వంకలోకి రావలసిన నీళ్లు సముద్రం నుండియే రావలెను. జూన్‌లో పడమటి నుండి వచ్చే మబ్బు తన బరువులో చాలా భాగం సహ్యాద్రి కొండల అవతలనే దించుకొని, తేలికపడి మన మీదుగా పోతుంది. అందుచేతనే కర్నూలు జిల్లాలో సంవత్సరమంతా కలిపి సగటున 67 సెంటీమీటర్లు, కడపలో 70 సెంటీమీటర్లు మాత్రమే వాన. ఆ కొద్దిపాటి వానలోనూ మంచి భాగం బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి లోపలికి నడిచి వచ్చినప్పుడే కురుస్తుంది. పుబ్బ, ఉత్తర కార్తెల వానలు మనకు పెద్దవి కావడానికి ఇదే కారణం. ఇక అక్టోబరు నుండి ఈశాన్య ఋతుపవనాలలో కడప తూర్పు మండలాలకు వచ్చేదంతా బంగాళాఖాతపు నీరే.

ఇంతకంటె దూరపు సముద్రం ఒకటి కలదు. భూమికి అవతలి ప్రక్కన, దక్షిణ అమెరికా ఖండంలోని పెరూ దేశపు తీరంలో కొన్ని సంవత్సరాలకు ఒకసారి క్రిస్మసు రోజులలో నీళ్లు వెచ్చబడి చేపలు మాయమవుతూ ఉండేవి. అక్కడి జాలరులు దానికి బాల యేసు పేరు పెట్టి "ఎల్ నినో" అన్నారు. పసిఫిక్ మహాసముద్రపు నడిభాగంలో నీటి వెచ్చదనం సగటు కంటె అర డిగ్రీ పెరిగి కొన్ని నెలలు నిలిచినదంటే ఎల్ నినో వచ్చినట్లు లెక్క. అర డిగ్రీ అంటే మనం చేయి పెట్టి చూచినా తెలియదు. కాని అంత పెద్ద సముద్రం అంత మాత్రం వేడెక్కినదంటే గాలుల దారి మారిపోతుంది. మన నైరుతి వానలు ఎక్కువ సార్లు తగ్గుతవి. 2002, 2009, 2015 సంవత్సరాలు అట్టివే.

ధాతు కరువు పేరు మన పెద్దలకు తెలియనిది కాదు. 1876లో మొదలై 1878 దాకా సాగిన ఆ కరువులో మద్రాసు రాజధాని జిల్లాలలో కర్నూలు, కడప ఘోరంగా దెబ్బ తిన్నవి. 1877లో ఏర్పడిన ఎల్ నినో మానవులు ఎరిగిన బలమైనవాటిలో ఒకటి అని తరువాతి శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. ఆ రోజులలో ఆ సంగతి ఎవరికి తెలుసును? భారత వాతావరణ శాఖ పుట్టినది 1875లో. కరువు చూచిన తరువాతనే ప్రభుత్వం వారు వానను ముందుగా చెప్పగలమా అని శాఖాధికారి బ్లాన్ఫర్డ్‌ను అడిగినారు. ఆయన హిమాలయాల మంచును చూచి అంచనాలు వేసినాడు. 1904లో అధికారిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితజ్ఞుడు. దేశదేశాల లెక్కలు తెప్పించి, పసిఫిక్ మీద గాలి బరువు ఒక ప్రక్క పెరిగితే రెండవ ప్రక్క తగ్గుతూ త్రాసు వలె ఊగుతున్నదని కనిపెట్టినాడు. ఎల్ నినోకూ ఆ త్రాసుకూ ఉన్న సంబంధం ఇంకా తరువాత తేలినది. మన తాతముత్తాతల కరువు నుండియే ఈ విద్య మొదలైనదని చెప్పుకొంటే తప్పు లేదు.

ఇప్పుడు సముద్రాన్ని చూడడానికి పనిముట్లకు కొరత లేదు. లంగరు వేసి నిలిపిన బోయాలు గాలినీ అలనూ కొలుస్తున్నవి. ఆర్గో అనే గొట్టాల వంటి పరికరాలు ప్రపంచ సముద్రాలలో దాదాపు నాలుగు వేలు తేలుతున్నవి. అవి రెండు కిలోమీటర్ల లోతు దాకా మునిగి, పది రోజులకు ఒకసారి పైకి వచ్చి, లోపలి వేడినీ ఉప్పదనాన్నీ ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతవి. మన దేశం తరఫున ఈ పని చూచే సంస్థ ఇన్‌కాయిస్. 1999లో స్థాపించిన ఈ కేంద్రం ఉన్నది ఏ తీరంలోనో కాదు, హైదరాబాదులో. సముద్రం లేని ఊరిలో కూర్చొని సముద్రాన్ని చదువుతున్నారన్న మాట. మెట్టవాళ్లమైన మనకు ఇది కొంత ధైర్యం చెప్పే సంగతే.

కొరత ఎక్కడ ఉన్నదంటే, ఆ లెక్క మనిషిని చేరే చోట ఉన్నది. ఇది నాకు తెలిసి వచ్చినది నెల్లూరు జిల్లా తీరంలోని ఒక చేపల రేవులో. అక్కడ ఇన్‌కాయిస్ వారి సందేశాన్ని మత్స్యకారులు చదువుకొంటూ ఉండగా చూచినాను. ఉపగ్రహం నీటి వెచ్చదనాన్ని, నీటిలో పాచి పచ్చదనాన్ని చూస్తుంది. వెచ్చని నీరు, చల్లని నీరు కలిసే చోట మేత ఉంటుంది, మేత ఉన్న చోటికి చేప వస్తుంది. శాస్త్రం ఇంత ఉన్నా, సందేశంలో మాత్రం మూడే ముక్కలు ఉన్నవి: ఈ రేవు నుండి ఏ దిక్కుకు పోవలెను, ఎన్ని కిలోమీటర్లు పోవలెను, అక్కడ లోతు ఎన్ని మీటర్లు. పడవవాడు చదువుతాడు, డీజిలు లెక్క చూచుకొంటాడు, పోవడమో మానడమో తేల్చుకొంటాడు. మబ్బు పట్టిన రోజున ఉపగ్రహానికి నీరు కనబడదు కనుక ఆ రోజు సందేశం ఉండదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, అప్పుడూ ఉండదు. తెలియని రోజున ఊరకుండడం కూడా మంచి పద్ధతేనని నాకు తోచినది.

ఇక మనం ఏమి చేసినామో చెబుతాను. మనం అంటే నేనే.

2023 ఏప్రిల్ 11న వాతావరణ శాఖ తొలి అంచనా వచ్చినది. దేశం మొత్తానికి నైరుతి వానలు దీర్ఘకాల సగటులో 96 శాతం, ఐదు శాతం అటూ ఇటూ కావచ్చును, వర్షాకాలంలో ఎల్ నినో ఏర్పడే సూచన ఉన్నది అని వారు చెప్పినారు. నేను అందులో మొదటి ముక్క తీసుకొని గ్రామ కేంద్రపు బోర్డు మీద "ఈ ఏడు వర్షపాతం 96 శాతం, సాధారణం" అని వ్రాయించినాను. రెండవ ముక్క, మూడవ ముక్క వ్రాయలేదు. బోర్డు మీద చోటు లేక కాదు. రైతులు కంగారు పడతారని అనుకొన్నాను.

ఆ ఊరిలో ఆరు ఎకరాల ఎర్రనేల ఉన్న రైతు ఒకాయన ఆ బోర్డు చదివినాడు. నూటికి తొంభై ఆరు అంటే బడిలో మార్కుల వలె మంచిదే కదా అనుకొన్నాడు. జూన్ ఎండిపోయినది. జులైలో మంచి పదును కాగానే ఆరు ఎకరాలూ బుడ్డలే విత్తినాడు. విత్తనమే ఎకరానికి అర క్వింటాలుకు పైగా పట్టే పంట అది. ఖర్చు మీకు నేను చెప్పనక్కరలేదు. ఊడలు దిగే వేళకు ఆగస్టు వచ్చినది. ఆ ఆగస్టు దేశమంతటికీ సగటు కంటె 36 శాతం తక్కువ. 1901 నుండి ఉన్న లెక్కలలో అంత పొడి ఆగస్టు లేదు. కాలం ముగిసేసరికి దేశపు లెక్క 94 శాతానికి తేలినది. అనగా వాతావరణ శాఖ అంచనా పెద్దగా తప్పలేదు. రైతు మాత్రం మునిగినాడు. తరువాత ప్రభుత్వం రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించినది. వాటిలో మన ప్రాంతపువి ఎన్నో.

సెప్టెంబరులో ఆయన ఆఫీసుకు వచ్చి నిలబడి, "బోర్డు మీద తొంభై ఆరు అని రాస్తిరి గదా సారూ. నా చేనుకు నాలుగే వచ్చినట్టుండాది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండును.

ఇందులో లెక్క ఎట్లు తప్పుదారి పట్టించినదో చూడండి. ఆ 96 శాతం 87 సెంటీమీటర్ల మీద కట్టినది. 87 సెంటీమీటర్లు నాలుగు నెలలకు దేశపు సగటు. మన కర్నూలు జిల్లాకు పన్నెండు నెలలు కలిపినా అంత రాదని పైన చెప్పినాను. చిరపుంజి వానా, మన వానా ఒకే కుప్ప పోసి తీసిన సగటు అది. దేశానికి ధాన్యం ఎంత నిల్వ ఉంచవలెను, జలాశయాలలో నీరు ఎట్లు వాడవలెను అని ఆలోచించేవారికి అది అక్కరకు వచ్చే అంకె. ఆరు ఎకరాల రైతుకు దానితో పని లేదు. ఎల్ నినో సూచన అన్న మూడవ ముక్కతోనే ఆయనకు పని. దానినే నేను దాచిపెట్టినాను.

అప్పటి నుండి బోర్డు వ్రాసే పద్ధతి మార్చుకొన్నాను. ఎల్ నినో సూచన ఉన్న ఏడు రోహిణి, మృగశిర కార్తెల నడుమ వ్రాయదగిన మాటలు ఇట్లు ఉండవచ్చును:

"ఈ ఏడు ఎల్ నినో సూచన ఉన్నది. అట్టి ఏళ్లలో మన దిక్కు ముంగారు వాన తగ్గినవే ఎక్కువ, తగ్గనివీ ఉన్నవి. ఎర్రనేలలలో బుడ్డలు ఒక్కటే వేయకండి. ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేయండి. కొంత చేను కొర్రకు ఉంచి, ఐదు సాళ్లకు ఒక సాలు కంది కలపండి. జులై దాటినా పదును కాకపోతే బుడ్డల విత్తనం కొనకండి. కొర్ర, సజ్జ, అలసంద, ఉలవ చూడండి. నల్లరేగడిని శనగకు ఉంచుకోవచ్చును."

"తగ్గనివీ ఉన్నవి" అన్న మాట తీసివేయమని ఒక మిత్రుడు సలహా చెప్పినాడు. గట్టిగా చెప్పకపోతే రైతు వినడని ఆయన వాదం. నేను ఒప్పుకోలేదు. 1997లో ఎల్ నినో ఎంతో బలమైనది, ఐనా ఆ ఏడు దేశానికి సగటు వాన తప్పలేదు. ఆ సంవత్సరం మన హిందూ మహాసముద్రంలోనే పడమటి భాగం వెచ్చబడి తూర్పు భాగం చల్లబడినది. అది కొంత కాపాడినదని శాస్త్రజ్ఞులు చెబుతారు. గట్టిగా చెప్పి ఒక ఏడు తప్పితే మరుసటి ఏడు బోర్డు వైపు ఎవరూ చూడరు. పైగా మెట్ట రైతుకు అనుమానం అర్థం కాదని అనుకోవడం మన పొరపాటు. బుడ్డలలో కంది సాలు వేసిన మొదటి రైతు చేసినది ఏమిటి? వాన మీద అనుమానాన్ని సాళ్ల లెక్కలో పెట్టినాడు.

నల్లరేగడి మాట ఊరకే చేర్చినది కాదు. ఎల్ నినో ఏళ్లలో నైరుతి తగ్గినా, దక్షిణాదిలో ఈశాన్య వానలు బలపడడం ఎక్కువ సార్లు చూచినారు. 2015లో ఖరీఫు పాడైన తరువాత నవంబరులో చెన్నై నుండి నెల్లూరు, కడపల దాకా కుండపోతగా కురిసినది. ఐతే ఈ మేలు కడప తూర్పు మండలాలకు అందినంతగా ఆలూరు, ఆదోని వైపుకు అందదు. కనుక ఒకే మాట రెండు జిల్లాల బోర్డుల మీద వ్రాయకూడదు.

ఇప్పుడు రెండవ సంగతికి వస్తాను. ఇది వాన తక్కువను గురించి కాదు, ఎక్కువను గురించి. గ్రామాధికారులు దీనిని ప్రత్యేకంగా చదవవలెనని కోరుతున్నాను.

బంగాళాఖాతంలో పుట్టిన సుడికి పేరు పెట్టేది గాలి వేగాన్ని బట్టి. గంటకు 31 నుండి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 దాటితేనే తుఫాను. తుఫాను ఐన తరువాతనే దానికి నివర్ అనో మిచౌంగ్ అనో పేరు వస్తుంది. ఈ కొలత పడవలకూ, తీరంలోని పూరిళ్లకూ తగినది. అక్కడ చంపేది గాలీ ఉప్పెనా. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది పోయినది అట్లే. మన జిల్లాలకు వచ్చేసరికి గాలి తగ్గిపోతుంది, నీరు మిగులుతుంది. కనుక తీరంలో చిన్నది అన్నది మనకు పెద్దది కావచ్చును.

2020 నవంబరు 25 రాత్రి పుదుచ్చేరి వద్ద తీరం దాటిన నివర్‌కు పేరు ఉన్నది. ఊరూరా దాని మాటే చెప్పుకొన్నారు. మరుసటి ఏడు 2021 నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ నడుమ తీరం దాటినది వట్టి వాయుగుండం. దానికి పేరు లేదు, టీవీలో సుడి బొమ్మ తిరగలేదు. దాని వానకే పింఛా తెగినది, చెయ్యేరు పొంగినది, అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయినది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాలు మునిగినవి. మనుషులు పోయినారు, పశువులు పోయినవి, పొలాల మీద ఇసుక మేట వేసినది. అదీ నవంబరు 19 కావడం నాకు ఎప్పుడు తలచుకొన్నా ఒళ్లు జలదరించే సంగతి.

కర్నూలు వారికి 2009 గుర్తుండే ఉండును. ఎల్ నినో ఏడు. దేశమంతటా వాన 22 శాతం తక్కువ. మన చేలు ఎండినవి. సెప్టెంబరు చివరి రోజులలో బంగాళాఖాతపు అల్పపీడనం ఎగువ కర్ణాటకలోనూ మన జిల్లాలోనూ కురిపించిన వానకు తుంగభద్ర, హంద్రి పొంగి అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగినది, మంత్రాలయం మునిగినది. శ్రీశైలానికి తట్టుకోగల లెక్కను మించి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. కరువూ వరదా ఒకే ఏడాదిలో, ఒకే జిల్లాలో. "ఇది కరువు సంవత్సరం" అని ఏప్రిల్‌లో విన్న చెవి అక్టోబరు హెచ్చరికను వినకపోవడం సహజం. దీనిని ముందే ఊహించి పని చేయవలెను.

కాబట్టి హస్త కార్తె మొదలు అనూరాధ కార్తె దాకా బంగాళాఖాతపు కబురు వచ్చినప్పుడు "తుఫానా, వాయుగుండమా" అని అడగవద్దు. "ఎంత వాన, ఎక్కడ, ఎప్పుడు" అని అడగండి. వాతావరణ శాఖ జిల్లావారీగా రంగులు ఇస్తున్నది. పసుపు రంగు ఉంటే కనిపెట్టి ఉండవలెను. నారింజ రంగు ఉంటే సిద్ధం కావలెను. ఎరుపు ఉంటే కదలవలెను. ఒక ముఖ్యమైన మాట. వంక గట్టున ఉన్న ఊరి అధికారి తన మండలపు రంగు మాత్రమే చూస్తే చాలదు. చెయ్యేటి నీరు బాహుదా, పింఛా ఏరుల నుండి వస్తుంది. అవి కురిసే కొండలు వేరే చోట ఉన్నవి. తుంగభద్ర నీరు కర్ణాటక నుండి వస్తుంది. మీ వంకకు తల ఎక్కడ ఉన్నదో, అక్కడి రంగు చూడండి. మీ ఊరిలో ఎండ కాస్తున్నా సరే.

పైరు విషయంలో ఆ మూడు నాలుగు రోజులలో చేయదగినవి కొద్దిగానే ఉన్నవి, కాని ఆ కొద్దే డబ్బు నిలుపుతవి. పెరికిన బుడ్డల చెట్టును చేనులో విరివిగా ఉంచకుండా మెరక మీద కుప్ప వేసి కప్పండి. శనగ విత్తబోయేవారు ఆగండి. విత్తిన మరునాడే రేగడిలో నీరు నిలిస్తే గింజ కుళ్లుతుంది. జెజి 11 ఐనా నంద్యాల శనగ ఐనా ఒకటే. మొలచిన చేలకు నీరు పోయే కాలువలు వాన రాకముందే తీయండి. మందు చల్లడం, ఎరువు వేయడం మానండి. వంక ఒడ్డున కట్టిన పశువులను సాయంత్రమే విప్పి తోలుకొని రండి. వరద వచ్చేది తరచు రాత్రి వేళనే.

ఈ కబురు ఎక్కడ దొరుకును? వ్యవసాయ వాతావరణ సలహాలు ప్రతి మంగళ, శుక్రవారాలలో వస్తున్నవి. రాబోయే నాలుగు వారాల సూచన ప్రతి గురువారం వస్తున్నది. మేఘదూత్ అనే యాప్‌లో తెలుగులోనే చూడవచ్చును. ఫోను లేనివారికి రైతు సేవా కేంద్రపు బోర్డు, గుడి మైకు, దండోరా ఉన్నవి. గ్రామాధికారులకు నా మనవి ఏమనగా, వచ్చిన సందేశాన్ని ఉన్నది ఉన్నట్లు వాట్సాప్‌లో తోసివేసి పని ఐనదనుకోవద్దు. "ఒకటి రెండు చోట్ల భారీ నుండి అతి భారీ వర్షాలు" అన్న వాక్యం వినగానే ఏ రైతు ఏ పని మానుకోవలెను? దానిని మీ ఊరి మాటలోకి దించి, "రేపు సాయంత్రం నుండి పెద్దవంక దాటవద్దు" అని చాటించండి. తరువాత వంక రాకపోతే రాలేదని కూడా మరునాడు అదే మైకులో చెప్పండి.

మరొక పని కూడా అడుగుతున్నాను. కబురు సముద్రం నుండి మన దగ్గరకు వస్తే సరిపోదు, మన చేను నుండి అటు కూడా పోవలెను. మండలంలో వానమాపకం ఉన్న ఊరిలో కురిసి, ఆరు కిలోమీటర్ల అవతల చుక్క పడకపోవడం మనం ఎరిగినదే. కనుక ప్రతి ఊరిలో ఒకరైనా ఒక పుస్తకం పెట్టి, వాన పడిన తేదీ, పదును ఎంత లోతు దిగినది, బెత్తెడా జానెడా, వంక మొదట ఎప్పుడు పారినది వ్రాసి ఉంచితే, అంచనా మన ఊరికి ఎంత దూరం తప్పుతున్నదో రెండు మూడేళ్లలో తేలుతుంది. ఆ పుస్తకాలు మా దగ్గరకు తెండి. పరిశోధనా స్థానాల శాస్త్రజ్ఞులకు చూపే పూచీ మాది.

నా బోర్డు చదివి ఆరు ఎకరాలూ విత్తిన రైతు మొన్న అట్టి పుస్తకం ఒకటి తెచ్చి చూపినాడు. మనుమరాలి పాత నోటుపుస్తకం అది. ఎడమ పుటలో "మృగశిర, మూడో దినం, జానెడు పదును" అని ఉన్నది. కుడి పుటలో ఆ వారం బోర్డు మీద నేను ఏమి వ్రాయించినానో, తేదీతో సహా, అక్షరం పోకుండా దించుకొని ఉన్నది.